మూత పూర్తిగా తెరుచుకోవాలి

ఆ వేసవి మొదట్లో ఒక సాయంత్రం నాన్న అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, "అమ్మాయ్, ఆటలాడుకునే లాప్‌టాప్ అని ఒకటుంటుందట. అందులో ఏది మంచిదో నీకు తెలుసా?" అని అడిగాడు.

అమ్మ గరిట గాల్లోనే పట్టుకుని ఉండిపోయింది. నాన్న జన్మలో పేకముక్క కూడా ముట్టినవాడు కాదు. రేవులో క్రేన్ నడుపుతాడు. ఓడ మీది కంటైనర్ డబ్బాలను ఎత్తి ఒడ్డున లారీల మీద పెట్టడం, ఒడ్డు మీదివి మళ్ళీ ఓడకెత్తడం, ఇదే ఆయన పని. ఇంటికొస్తే స్నానం, భోజనం, నిద్ర.

"ఈ వయసులో ఆటలేంటయ్యా? నలుగురూ వింటే నవ్విపోరూ" అంది అమ్మ.

"ఆటలకు కాదే. పనికి."

ఆ తర్వాత చెప్పింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. రేవువాళ్ళు క్రేన్ల మీద నుంచి మనుషుల్ని దించేస్తున్నారు. క్రేన్లు అలాగే ఉంటాయి, పైన మాత్రం మనిషి బదులు కెమెరాలు ఉంటాయి. ఆపరేటర్లు ఎక్కడో ఒక గదిలో కూర్చుని తెరల్లో చూస్తూ నడపాలి. వానలు మొదలయ్యేలోపు అందరికీ పరీక్ష. నెగ్గినవాళ్ళు గదిలోకి వెళ్తారు. నెగ్గనివాళ్ళు కిందికి, అంటే ఓడ మీద డబ్బాలను ఇనుప కడ్డీలతో బిగించే ముఠాలోకి. ఆ ముఠాలో పాతికేళ్ళవాడికే నడుము పడిపోతుంది. నాన్నకు అప్పటికే మెట్టెక్కితే మోకాలు చప్పుడు చేసేది.

రేవులో సాధన చేయడానికి యంత్రం ఉందట గానీ అంతమందికీ అది ఒక్కటే. వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అదే సాధన ప్రోగ్రాంను ఇంట్లో వేసుకోవచ్చట. మామూలు కంప్యూటర్ మీద అది నడవదు, ఆటల లాప్‌టాప్ ఉండాలి.

"మరీ చవకది వద్దన్నారు. మరీ ఖరీదుది మన వల్ల కాదు. మధ్యరకంలో మంచిదేదో నువ్వే చూసి చెప్పు తల్లీ."

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. చదివింది వృక్షశాస్త్రం. ఉద్యోగం ఆసుపత్రిలో పాత కేసుల కాగితాలు భద్రం చేసే గదిలో. అయినా మావాళ్ళ దృష్టిలో డిగ్రీ అంటే డిగ్రీయే, అది దేంట్లో అని ఎవరూ అడగరు. డాక్టరు గీతలు నేనే చదవాలి, ఫ్యాను ఆగితే ముందు నేనే చూడాలి, పక్కవాటాల గోడ తగాదాలో ధర్మం నేనే చెప్పాలి. తెలియదు అనే మాటకు మా ఇంట్లో చోటు లేదు. అందుకే, "చూస్తాను నాన్నా" అన్నాను.

చూడటం మొదలుపెట్టాను. చూసేకొద్దీ తెలిసిందంతా తెలియనిదైపోయింది.

మా గదిలోనే కాగితాలను స్కాన్ చేసే అతను ఒకడున్నాడు. ఇంటికెళ్ళాక ఆటలే అతని లోకం. మధ్యాహ్నం టీ దగ్గర అడిగాను. "గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి చూసుకోండి మేడమ్, మిగతాదంతా పైపూత" అన్నాడు. సరే, దారి దొరికిందనుకున్నాను. ఇంటికొచ్చి ఫోనులో చూస్తే ఒక పెద్దమనిషి కార్డు కాదు, ప్రాసెసర్ చూడమంటాడు. ఇంకొకాయన రెండూ బాగుండి చల్లబరిచే ఫ్యాన్లు బాగాలేకపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరేనంటాడు. మూడో ఆవిడ తెర గురించే గంట చెప్పింది. ఆ తెర ఒక్క సెకనులో తనను తాను ఎన్నిసార్లు కొత్తగా గీసుకుంటుందో ఆ లెక్క చూడాలట. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్నది కొంటే డబ్బు నీళ్ళపాలంటారు ఒకరు. అదే కొని తర్వాత ఇంకో ఎనిమిది వేయించుకోమంటారు మరొకరు. కొన్నింట్లో వేయించుకోవడానికే ఉండదని, లోపల అతికించేసి పంపుతారని దాని కింద ఎవరో రాశారు.

అన్నింటికంటే నన్ను తికమక పెట్టింది కార్డు సంగతే. ఒకే పేరు, ఒకే నంబరు ఉన్న కార్డు ఒక లాప్‌టాప్‌లో పులి, ఇంకోదాంట్లో పిల్లి. తయారు చేసినవాడు దానికి ఎంత కరెంటు తాగనిస్తాడనేదాన్ని బట్టి దాని బలమట. అది పెట్టె మీద రాయరట. మరి కొనేవాడికి ఎలా తెలుస్తుందని స్కానింగ్ అతన్ని అడిగితే, "కొన్నాకే తెలుస్తుంది మేడమ్" అని నవ్వాడు. అతనికి అది నవ్వే విషయమే. మాకు మాత్రం ఒక్కసారే కొనే వీలుంది. ఆ ఒక్కటి తప్పయితే నాన్న కడ్డీలు మోయాలి.

ప్రతి సాయంత్రం నాన్న నా మొహం చూసేవాడు. ఏదీ అడిగేవాడు కాదు. అడిగితే బాగుండేది.

చివరికి ఒక సెలవు రోజు ఇద్దరం బజారులో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాం. వరసగా బల్లల మీద లాప్‌టాపులు తెరిచి పెట్టి ఉన్నాయి. మీటల కింద ఎర్రవి, నీలివి లైట్లు. ఒకదాంట్లో కార్లు పరిగెడుతున్నాయి, ఒకదాంట్లో ఎవడో కత్తి తిప్పుతున్నాడు. కళ్ళద్దాల అమ్మాయి ఒకతె మా దగ్గరికొచ్చి, "ఎవరికి అంకుల్, మీ అబ్బాయికా?" అంది.

"నాకే" అన్నాడు నాన్న.

ఆ అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. నేను ఫోనులో చదివిన ప్రశ్నలన్నీ వరసగా అడిగాను. ఆమె వరసగా జవాబులు చెప్పింది. నేను తలాడించాను. ఆమె చెప్పింది నాకు ఎంత తెలిసిందో, నేను అడిగింది ఆమెకూ అంతే తెలిసినట్టు నాకనిపించింది. నాన్న మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, దేన్నీ తాకకుండా, ఒక్కో లాప్‌టాప్ ముందు కాసేపు నిలబడి చూస్తూ వచ్చాడు.

"ఇక్కడ కదిపితే అక్కడ బొమ్మ ఎంతసేపటికి కదులుతుందమ్మా?" అని అడిగాడు.

"వెంటనే కదులుతుంది అంకుల్."

"వెంటనే అంటే?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను కార్ల వైపు చూశాను. నాన్న ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. తాళ్ళ చివర డబ్బా ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. అది ఎటు ఊగబోతోందో కనిపెట్టి, అది వెళ్ళేలోపే మనం అటు జరగాలి. అప్పుడు నిలబడుతుంది. రెప్పపాటు ఆలస్యమైనా ఇంకో ఊపు ఊగుతుంది. కింద మనుషులుంటారు. ఆ అమ్మాయి ఆ మాటలు వింటూనే చెయ్యి చాచి కార్ల ఆట ఆపేసింది. ఎందుకు ఆపిందో నాకు తెలియదు గానీ, ఆ పని నాకు నచ్చింది.

"నువ్వు ఏదంటే అదే" అన్నాడు నాన్న నాతో.

మా స్తోమతులో దొరికేవాటిలో పెద్ద కార్డు ఉన్నదాన్ని చూపించాను. స్కానింగ్ అతను చెప్పిన మొదటి మాట అదే కాబట్టి. అంతకుమించి నా దగ్గర కారణం లేదు.

ఇంటికి తెచ్చి తెరిస్తే మీటల కింద రంగులు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తాయి. "సర్కస్ డేరాలా ఉంది" అంది అమ్మ. కొత్త వస్తువుకు గీత పడుతుందని పాత దుప్పటి నాలుగు మడతలు వేసి బల్ల మీద పరిచి, దాని మీద కూర్చోబెట్టింది. రేవువాళ్ళిచ్చిన ప్రోగ్రాం వేసి, క్రేన్ మీటల్లాంటి రెండు జాయ్‌స్టిక్ కర్రలను తీగలతో తగిలించాను. తెర మీద సముద్రం వచ్చింది, ఓడ వచ్చింది, డబ్బాలు వచ్చాయి. నాన్న ముందుకు వంగి, "అరె, నీళ్ళు కూడా కదులుతున్నాయే" అన్నాడు చిన్నపిల్లాడిలా.

రేవులో నాన్నను దూది అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆయన కూడా పలకడు. ఎంత బరువు డబ్బానైనా కింద లారీవాడికి తెలియకుండా దించుతాడని ఆ పేరు. లారీ కొంచెం కుంగితేనే, ఓహో వచ్చిందా అనుకుంటారట.

ఆ ప్రోగ్రాంలో డబ్బా గట్టిగా తగిలితే ఒక చప్పుడు వస్తుంది. ధన్‌మని. నాన్న దించిన మొదటి డబ్బా ధన్‌మంది. రెండోదీ అంతే. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చి ఏం పడిందని అడిగింది. ఏమీ పడలేదని చెప్పాం.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ చప్పుడే చప్పుడు. పొద్దుటి షిఫ్టు అయితే మధ్యాహ్నం నుంచి, మధ్యాహ్నం షిఫ్టు అయితే పొద్దుట. అమ్మ కూరలు తరుగుతూ ప్రతి ధన్‌కూ కత్తి ఆపేది. కొన్నాళ్ళకు ఆపడం మానేసింది. అది ఇంకా బాధగా ఉండేది.

గడియారం బాబాయి అప్పుడప్పుడూ వచ్చేవాడు. ఆయనా క్రేన్ మనిషే, నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు. డ్యూటీకి నిమిషం ఆలస్యంగా వెళ్ళిన రోజు లేదు కాబట్టి గడియారం. ఆయన చేతికి ఆ ప్రోగ్రాం తొందరగానే లొంగింది. చకచకా నాలుగు డబ్బాలు దించి, ఒక్కటే చప్పుడు చేసి లేచాడు. వెళ్తూ వెళ్తూ, "దూదికి తడి తగిలినట్టుందే, బరువెక్కింది" అన్నాడు.

సరదాకే అన్నాడు. నాన్న కూడా నవ్వాడు. ఆ సాయంత్రం మాత్రం భోజనం దగ్గర, "చెయ్యి మొద్దుబారిందే" అన్నాడు అమ్మతో. "కదిపింది తెలుస్తోంది గానీ, బొమ్మ నా వెనక వస్తోంది. నేనే ఆలస్యమవుతున్నానో, అదే ఆలస్యమవుతోందో."

బొమ్మ ఆగి ఆగి కదలడం నేనూ చూశాను. పులి అనుకుని పిల్లిని కొన్నానేమోనన్న భయం నాకు ముందే ఉంది. నాన్న తన చేతిని అనుమానిస్తున్నాడు. నేను నా కొనుగోలును అనుమానిస్తున్నాను. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎవరి తప్పును వాళ్ళం దాచుకుంటున్నాం.

మర్నాడు స్కానింగ్ అతనికి చెప్పాను. అతను అన్నీ విని, దాని కింద ఏం పెట్టారని అడిగాడు. దుప్పటి అన్నాను. అతను టీ గ్లాసు పక్కన పెట్టాడు. ఆ యంత్రం గాలి పీల్చుకునేది అడుగు నుంచేనట. "మీరు దాని ముక్కు మూసేశారు మేడమ్. వేడెక్కితే అది తనంతట తానే మెల్లగా నడుస్తుంది."

ఇంటికెళ్ళి దుప్పటి లాగేశాను. అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. బొమ్మ ఆగడం ఆగిపోయింది. నీళ్ళు నీళ్ళలాగే కదిలాయి. నాన్న కూర్చుని కర్రలు పట్టుకున్నాడు.

ధన్.

అప్పుడు నాకు నిజంగా ఏమీ అర్థం కాలేదు. యంత్రం బాగుంది. నాన్న చెయ్యి ఆ రోజు పొద్దున్నే నిజమైన ఓడను చప్పుడు కాకుండా ఖాళీ చేసి వచ్చింది. మరి తప్పు ఎక్కడుంది? ప్రోగ్రాంలో ఉన్న మీటలన్నీ నొక్కి చూశాను. వెలుగు పెంచాను, తగ్గించాను. బొమ్మను దగ్గరికి తెచ్చాను, దూరం చేశాను. నాన్న నేను ఏది మారిస్తే దానికి తలూపి, మళ్ళీ ప్రయత్నించేవాడు. పరీక్ష దగ్గరికొస్తోంది. బయట ఎండ ముదిరింది. రేవులో అప్పుడే కొన్ని క్రేన్లకు కెమెరాలు బిగించారట.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో కరెంటు పోయి తొందరగా పంపించేశారు. ఇంటికొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. నాన్న గది మధ్యలో కుర్చీ వేసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, బాగా ముందుకు వంగి కూర్చున్నాడు. లాప్‌టాప్ నేల మీద, ఆయన పాదాల మధ్య ఉంది. దాని మూతను ఎంత వెనక్కి పోతే అంత వెనక్కి నెట్టి, తిరగబడకుండా వెనక ఇటుక పెట్టాడు. అయినా తెర సగం లేచే ఉంది. ఆయన దాని మీదికి మెడ చాచి, తెరను పైనుంచి చూడాలని అవస్థ పడుతున్నాడు.

నన్ను చూసి తప్పు చేసినవాడిలా సర్దుకున్నాడు.

"ఏంటి నాన్నా ఇది?"

ఆయన ఇటుక పక్కకు తీస్తూ, "క్రేన్ పైన మా గదికి నేల అద్దమే కదమ్మా. మోకాళ్ళ మధ్య నుంచి కిందికి చూస్తూనే ఇన్నేళ్ళూ చేశాను. ఇక్కడేమో కింద ఉన్నదాన్ని తెచ్చి ఎదురుగా నిలబెట్టారు. దించుదామంటే చెయ్యి ముందుకు తోస్తోంది. నా బుర్రకు తెలుస్తోంది, చేతికి తెలియట్లేదు" అన్నాడు.

నేను ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఎన్ని వందల మాటలు చదివానో, ఎంతమంది చెప్పింది విన్నానో, వాటిలో ఎక్కడా ఈ సంగతి లేదు. మూత ఎంతవరకు తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ సాయంత్రం గడియారం బాబాయి వస్తే ఈ మాట ఎత్తాను. పూర్తిగా పరుచుకునే మూత ఉన్నదానితో మార్చుకుందామని ఉందన్నాను. ఆయన కొట్టిపారేశాడు. పరీక్ష గదిలో తెర గోడకు నిలబెట్టి ఉంటుంది, రేపు పని కూడా దాని ముందే చేయాలి, నేల మీద పెట్టి నేర్పితే ఆ నేర్చింది ఎందుకు పనికొస్తుందన్నాడు. "ముసలాడికి కొత్త నడక నేర్పమంటే నువ్వు పాత కర్ర చేతికిస్తున్నావు. చదువుకున్నదానివి, ఆలోచించు."

ఆలోచించాను. ఆయన చెప్పిందీ నిజమే. నాన్న మెడ చాచుకుని కూర్చోవడం కూడా నిజమే. రెండు నిజాల మధ్య నాకు చదువు ఏ దారీ చూపించలేదు. అమ్మను అడిగితే, "నాకేం తెలుసు, మీ ఇద్దరూ ఆ దయ్యప్పెట్టె తెచ్చిన దగ్గర్నుంచి ఇల్లు ఇల్లులా లేదు" అంది. నాన్ననైతే అడగలేదు. అడిగితే, నువ్వు ఏదంటే అదే అంటాడు.

దుకాణం రసీదు మీద, నచ్చకపోతే మార్చుకోవచ్చని రాసి ఉంది. గడువు ఇంకా దాటలేదు. దాని పెట్టెలో సర్దుకుని వెళ్ళాను. కళ్ళద్దాల అమ్మాయి గుర్తుపట్టింది. దేంట్లో లోపమని అడిగింది. లోపం లేదన్నాను. మరి ఎందుకంది.

"మూత పూర్తిగా పడుకునేది కావాలి."

ఈసారి నవ్వేసింది. నేను నవ్వకపోవడం చూసి ఆపి, ఎందుకో కనుక్కుంది. చెప్పాను. అప్పుడు ఆమె బల్ల చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో లాప్‌టాప్ మూతను వెనక్కి వంచుతూ వచ్చింది. కొన్ని సగంలో బిర్రబిగుసుకున్నాయి. కొన్ని ముక్కాలు భాగం పోయి ఆగాయి. నేను ఇవతలి చివర నుంచి వంచాను. దుకాణంలో మిగతావాళ్ళు పని ఆపి మమ్మల్నే చూశారు. ఆఖరికి రెండు మాత్రం ఎండకు పడుకున్న పిల్లుల్లా బల్లకు అంటుకుపోయాయి. వాటిలో ఒకటి మా అందుబాటులో లేదు. రెండోదాని కార్డు చిన్నది.

"ఇది మీరు తిరిగిచ్చేదాని కంటే తక్కువదండీ. తర్వాత నన్ను అనకూడదు" అంది.

"అనను" అన్నాను.

మర్నాడు స్కానింగ్ అతను, "పులినిచ్చి పిల్లిని తెచ్చుకున్నారా మేడమ్?" అన్నాడు.

తర్వాతి సెలవు రోజు పొద్దున కొత్తదాన్ని నేల మీద పెట్టి మూత వెనక్కి పరిచాను. కింద గాలి ఆడటానికి నాలుగు మూలలా సీసా మూతలు పెట్టాను. మూత పూర్తిగా పడుకునేసరికి, ఎదుటివాళ్ళకు చూపించడానికట, బొమ్మ దానంతటదే తలకిందులైంది. దాన్ని తిప్పే మీట వెతకడానికి కొంతసేపు పట్టింది. నాన్న కుర్చీ జరుపుకుని, కాళ్ళు ఎడం చేసి, కిందికి చూశాడు. ఆయన పాదాల మధ్య సముద్రం, ఓడ, డబ్బాలు ఉన్నాయి. కర్రలు పట్టుకున్నాడు.

నేను అక్కడ ఉండలేక పక్క గదిలోకి వెళ్ళి పాత బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. మొదట్లో ఒకటో రెండో చప్పుళ్ళు వినపడ్డాయి. ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో తెలియదు, అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఆపేశావా?" అంది నాన్నతో.

"లేదే. ఆడుతూనే ఉన్నాను."

అమ్మ కాసేపు గుమ్మంలో నిలబడింది. తెర వైపు చూడలేదు, నాన్న మొహం చూసింది. తర్వాత లోపలికెళ్ళి మళ్ళీ కత్తి అందుకుంది.

ఆ వారమంతా ఇంట్లో చప్పుడు లేదు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. గడియారం బాబాయి మాట ఎటు తిరిగినా ఎదురొచ్చేది. నేల మీద దూదే. గోడ మీద ఏమవుతాడు? తెరను మళ్ళీ నిలబెట్టమని నాన్నకు చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. ఆయన మొహంలో వెలుగు చూసి రేపు చెబుదాంలే అనుకునేదాన్ని.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి లాప్‌టాప్ ఒక పీట మీద ఉంది. ఎవరు పెట్టారంటే అమ్మేనట. నేల ఊడవడానికి అడ్డంగా ఉందని ఎత్తి పెట్టిందట, తీయడం మరిచిపోయిందట. నాన్న గొణుక్కున్నాడు. నాలుగైదు డబ్బాలు ధన్‌మన్నాయి. సాయంత్రానికి సద్దుమణిగాయి.

మరికొన్ని రోజులకు పీట పోయి బట్టల ట్రంకు పెట్టె వచ్చింది. చీమలు పడుతున్నాయంది అమ్మ. చీమలు నాకైతే కనపడలేదు. ఇంకోసారి తెర వెనక చెక్క ముక్క దూరింది, తెర కాస్త ఏటవాలుగా లేచింది. కిటికీలోంచి ఎండ పడి బొమ్మ కనపడటం లేదని ఆ మాత్రం లేపిందట. మార్చినప్పుడల్లా నాన్న విసుక్కునేవాడు, "ఎక్కడ పెట్టింది అక్కడ ఉండనివ్వవేంటే" అనేవాడు. ఆ పూట చప్పుళ్ళు మళ్ళీ మొదలయ్యేవి. తర్వాత తగ్గేవి. ఆయన వీపు కూడా దానితోపాటు కొంచెం కొంచెం లేస్తోందని మాలో ఎవరమూ అనలేదు.

"కావాలనే చేస్తున్నావా అమ్మా?" అని ఒకసారి వంటింట్లో అడిగాను.

"ఏం చేస్తున్నాను? ఇల్లు ఊడవొద్దా?" అంది. ఆ మొహంలో ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. ఈ రోజుకీ నాకు తెలియదు.

మబ్బులు కమ్మడం మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతూ లోపలికి చూశాను. లాప్‌టాప్ మొదట్లో ఉన్న బల్ల మీదే ఉంది. తెర నిటారుగా ఉంది. నాన్న దాని ముందు మా ఆఫీసులో గుమాస్తాలు కూర్చున్నట్టు వీపు నిలబెట్టి కూర్చున్నాడు, తల ఎత్తి ఎదురుగా చూస్తున్నాడు. డబ్బాలు ఒకదాని మీద ఒకటి చప్పుడు లేకుండా కూర్చుంటున్నాయి. నాన్న అలా తల ఎత్తి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. భోజనం దగ్గర కూడా ఆయన మెడ వంగే ఉండేది. నేను సంతోషించాల్సిన సమయం అది. సంతోషించాను కూడా. దాని వెనకే ఇంకేదో వచ్చింది, దానికి పేరు పెట్టడం నాకు చేతకాలేదు. చెప్పులు చేతిలో పట్టుకునే నిలబడ్డాను.

పరీక్షలో నాన్న నెగ్గాడు. వచ్చి ఒక్క మాట చెప్పి నీళ్ళు తాగాడు. గడియారం బాబాయి నెగ్గలేదు. ఆ గదిలోకి వెళ్ళగానే చెవుల్లో దూది పెట్టినట్టయిందట, తాళ్ళ మోత లేక చేతులు ఆగిపోయాయట. తర్వాత మా ఇంటికొచ్చి కూర్చుని, "నేల మీద ఉన్నవాడికి పడతానన్న భయం లేదులే" అన్నాడు. అమ్మ టీ ఇచ్చింది. నేను ఆయన మొహంలోకి చూడలేకపోయాను. ఆయన మా ఇంట్లో సాధన చేసింది నిటారు తెర ముందే. నేల మీద పెట్టిన రోజుల్లో కూడా ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో అని అనిపించింది. పిలిచినా వచ్చేవాడు కాదేమో.

మొదటి వాన పడ్డాక నాన్నకు కొత్త గదిలో పని మొదలైంది. మొదటి రోజు సాయంత్రం ఆయన వచ్చేసరికి అమ్మా నేనూ ముందు గదిలోనే ఉన్నాం. ఎలా ఉందని అమ్మ అడిగింది. కుర్చీ బాగుందన్నాడు. చల్లగా ఉంటుందన్నాడు. అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చి పెడతారన్నాడు. గాలి లేచినా ఒంటికి తెలియడం లేదు, తెర మూలలో అంకె మారితే తెలుసుకోవాలి అన్నాడు. అది బాగుందనో బాగోలేదనో చెప్పలేదు.

చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. అమ్మ అలవాటు ప్రకారం ఆ చొక్కా తీసింది. నాన్న పని చొక్కాలకు మా ఇంట్లో వేరే బకెట్టు ఉంది. తుప్పు, గ్రీజు, ఉప్పుగాలికి కట్టిన తెల్లటి చారలు, వాటన్నిటినీ వదిలించడానికి సగం రోజు నానబెట్టేది. అమ్మ బకెట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. చొక్కా పట్టుకుని వెలుతురుకు తిప్పింది. కాలరు చూసింది. చేతుల మడతలు విప్పి చూసింది. పొద్దున ఇస్త్రీ చేసిన గీత అలాగే ఉంది. వాసన చూసి నా చేతికిచ్చింది. నేనూ చూశాను. ఏ వాసనా లేదు.

"ఏమయ్యా, దీన్ని ఉతకాలా, అక్కర్లేదా?" అని అడిగింది. వెక్కిరింపు కాదు. నిజంగానే తెలియక అడిగింది.

నాన్న తువ్వాలుతో పాదాలు తుడుచుకుంటూ నా చేతిలోని చొక్కా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు, అది ఎవరిదో పోల్చుకుంటున్నట్టు.

"ఉతుకు" అన్నాడు. "పనికే వెళ్ళొచ్చాను."

అమ్మ నా చేతిలోంచి చొక్కా తీసుకుంది.